ప్రధాన సభ్యురాలు

ఆ ఇంట్లో ఏ ఫారం వచ్చినా నింపేది ఆమే. కరెంటు మీటరు మార్పించాలన్నా, అత్తగారి కంటి ఆపరేషనైనా, తమ లాండ్రీ కొట్టు లైసెన్సు తిరిగి రాయించాలన్నా కాగితాలు తిన్నగా ఆమె ముందుకే వచ్చేవి. భర్త చివర్లో వచ్చి ఒక సంతకం గీకి, "చూశావా, ఎంత తొందరగా అయిపోయిందో" అనేవాడు. పందొమ్మిదేళ్ళుగా అలా ఎన్ని కాగితాలు వాటంతటవే తొందరగా అయిపోయాయో ఆ దేవుడికే ఎరుక.

ఈసారి ఫారం కూతురిది. అందరూ పిడుగు అని పిలిచే ఆ పిల్లకు లిఫ్టులు బాగుచేసే పనిలో మూడేళ్ళ శిక్షణకు సీటు వచ్చింది. సోమవారం చేరాలి. చేరేటప్పుడు సొంత పేరు మీద ఆరోగ్య బీమా ఉన్నట్టు కాగితం చూపించాలి. లేకపోతే సీటు వెనక వరసలో ఉన్నవాళ్ళకు పోతుంది. శిక్షణలో భత్యం అందుకునేవాళ్ళు తండ్రి కార్డు మీద ఉండకూడదట.

"ఇన్నాళ్ళూ నా కార్డు మీదే కదా నడిచింది? ఇప్పుడు కొత్తగా ఏం కొంప మునిగిందని?" అని తండ్రి గొణిగాడు.

"రూలు నాన్నా. అయినా నాకూ అదే బాగుంది" అంది పిడుగు.

శుక్రవారం తల్లీకూతుళ్ళు బీమా ఆఫీసుకు వెళ్ళారు. గోడవారగా నాలుగు కుర్చీలు, ఎవరో వదిలేసి వెళ్ళిన గొడుగు, కౌంటరు వెనక మెడలో తాడుకు కళ్ళజోడు వేలాడేసుకున్న ఒక పెద్దావిడ. తల్లి అలవాటు కొద్దీ ఫారం ఒళ్ళో పెట్టుకుని చకచకా నింపేసింది. పెద్దావిడ దాన్ని చూసి నవ్వింది. "ప్రధాన సభ్యులు అన్న చోట మీవారి పేరు రాశారేంటమ్మా? చేరేది ఈ అమ్మాయి కదా?"

ఆమె నాలుక కరుచుకుంది. ఆ గడిలో ఇంకో పేరు రాయడం తనకు తెలీదు. పిడుగు కొత్త ఫారం అడిగి తీసుకుని, "ఇటివ్వమ్మా పెన్ను, ఇది నేను రాసుకుంటా" అంది. కోడి కెలికినట్టున్న అక్షరాలతో తన పేరు గడి పట్టనంత పెద్దగా రాసింది.

ఆ తర్వాత ఆ పిల్ల అడిగిన ప్రశ్నలకు తల్లి నోరు వెళ్ళబెట్టింది. "పనిలో చెయ్యి నలిగితే ఎవరు చూసుకుంటారు? పనికి వెళ్ళే దారిలో పడితే? నెలసరి నొప్పికి డాక్టరు దగ్గరికెళ్తే ఆ కాగితాలు మా నాన్నకు వస్తాయా?" ఈ చివరిది గొంతు ఏమాత్రం తగ్గించకుండా అడిగింది. పక్క కుర్చీలో పెద్దమనిషి అవసరం లేకపోయినా దగ్గాడు.

"రావమ్మా. నీ కార్డు, నీ కాగితాలు. అన్నీ నీ పేరుకే వస్తాయి" అంది పెద్దావిడ.

నీ కార్డు, నీ కాగితాలు. తల్లి మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. తన కార్డు భర్త పర్సులో ఉంటుంది. "ఏమండీ, ఒకసారి కార్డిస్తారా" అంటే "ఇప్పుడేమైంది?" అంటాడు. ఏమైందో చెప్పాలి, అది ఆయనకు జబ్బులా కనిపించాలి, అప్పుడు పర్సు తెరుచుకుంటుంది. కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలై ఆరు నెలలైంది. "మేము బొగ్గుల ఇస్త్రీపెట్టెతో చేశాం, మాకు రాలేదే ఈ తిమ్మిర్లు" అన్నారు అత్తగారు. పోయిన నెల ఇస్త్రీపెట్టె వేలికి అంటుకుంటే తనకు తెలియనే లేదు, కాలిన వాసన వచ్చాక చూసుకుంది. భర్త పరుగెత్తుకొచ్చి, "అమ్మయ్య, చొక్కాకేం కాలేదు" అన్నాడు. తనూ నవ్వేసింది. ఆ నవ్వు గుర్తొచ్చి ఇప్పుడు సిగ్గేసింది. తన ఒంటి గురించి ఇంత నిటారుగా నిలబడి అడగడం ఈ పిల్లకు ఎవరు నేర్పారు? తనైతే కాదు. పందొమ్మిదేళ్ళు నిండని పిల్లను చూసి ముచ్చటేసింది, గౌరవం కూడా కలిగింది.

"మీరేం చేస్తారమ్మా?" అని పెద్దావిడ ఆమెను అడిగింది.

"ఏమీ చెయ్యనండీ. ఇంట్లోనే."

"అబద్ధం!" అంది పిడుగు. "మా లాండ్రీలో పొద్దున ఎనిమిదింటి నుంచి నిలబడి ఇస్త్రీ చేస్తుంది. నాన్న వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్తాడు."

పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని ఆమెను పరీక్షగా చూసింది. "మరి ఇంకొకరి మీద ఆధారపడినవాళ్ళలో ఎందుకున్నారు? కొట్లో పనిచేసే మనిషిని కొట్టు పేరు మీదే చేర్చాలి. మీవారు సంతకం పెడితే చాలు. అప్పుడు ఆ చేతికి వచ్చింది పనివల్ల వచ్చిందేమో కూడా డాక్టర్లు చూస్తారు."

ఆ చేతి గురించి తను ఒక్క ముక్కా చెప్పలేదు. అప్పటిదాకా దాన్ని రెండో చేత్తో పిసుక్కుంటూ కూర్చున్నట్టు అప్పుడే గమనించుకుంది.

"ఇంకో ఫారం ఇస్తారా?" అంది.

బస్సులో నింపింది. తిమ్మిరి వేళ్ళకు పెన్ను జారింది, అక్షరాలు కూతురి అక్షరాలకంటే అధ్వాన్నంగా వచ్చాయి. ప్రధాన సభ్యురాలి గడిలో తన పేరు రాసుకుంది. వృత్తి అన్న చోట ఒక్క క్షణం ఆగి, "ఇస్త్రీ, పందొమ్మిదేళ్ళు" అని రాసింది. పిడుగు అది చూసి తల్లి భుజానికి తల ఆనించింది.

సోమవారం పొద్దున పిడుగు కొత్త బూట్లు టకటకలాడించుకుంటూ, కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళింది. ఆమె లాండ్రీకి వచ్చి ఇస్త్రీ బల్ల వెనక్కి పోలేదు. బట్టలిచ్చేవాళ్ళకు వేసిన కుర్చీలో కూర్చుంది. ఫారం కౌంటరు మీద పెట్టింది.

భర్త దాన్ని చూశాడు, ఆమెను చూశాడు, చల్లగా ఉన్న ఇస్త్రీపెట్టెను చూశాడు. "ఇప్పుడేమైంది?"

"ఏమైందో డాక్టరుకు చెప్పుకుంటానండి. మీరు సంతకం పెట్టండి."

ఆయన ఫారం రెండుసార్లు చదివాడు. వృత్తి దగ్గర చాలాసేపు ఆగాడు. ఆమె వేలి మీద మచ్చ కంటపడింది. పెన్ను కోసం సొరుగంతా వెతికితే, ఆమే తన సంచిలోంచి తీసి ఇచ్చింది. సంతకం పెట్టాడు.

ఆమె ఫారం మడిచి సంచిలో పెట్టుకుని లేచింది.

"చూశారా," అంది, "ఎంత తొందరగా అయిపోయిందో."