మెట్ల మధ్యలో దించరు

ఉదయం ఆరున్నరకు వాగు మీది వంతెన కూలింది. ఫిరంగి గుండు చప్పుడు వినపడేసరికి బీరువా గుడారం బయట గడ్డం గీసుకుంటున్నాడు. కుడి చెంప పూర్తయింది. ఎడమ చెంప మీద నురుగు ఉంది.

అతని అసలు పేరు సైన్యం కాగితాల్లో ఉంది. కొండ మీది వైద్య శిబిరంలో అందరూ బీరువా అనే పిలుస్తారు. యుద్ధానికి ముందు ఇళ్లు మారేవాళ్ల సామాను మోసేవాడు. బీరువాలు, మంచాలు, ఒకసారి పియానో. ఇప్పుడు స్ట్రెచర్ ముందు కొస అతనిది, వెనక కొస ఊళ్లో బట్టలు కుట్టే పని వదిలి వచ్చిన టైలరుది. స్ట్రెచర్ పిడులకు తగిలించి భుజాల మీదుగా వేసుకునే పట్టీ మాత్రం బీరువా ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. భుజాలు ఒరుసుకోకుండా భార్య దానికి దుప్పటి ముక్కలు మడిచి కుట్టింది.

"ఇదేం కుట్టు అన్నా? కోడి కెలికినట్టుంది," అంటాడు టైలరు రోజూ.

"మీ వదిన కుట్టిందిరా. ఆ మాట ఆవిడ ముందను. నీ చెవి మళ్లీ ఏ కుట్టుతో అతుక్కుంటుందో చూద్దాం."

ఆ ఉదయం కందకం నుంచి వైర్‌లెస్ ఆపరేటర్‌ను తెచ్చారు. మోకాలి కింద గుండు ముక్క దిగింది. డాక్టరమ్మ రక్తం ఆగడానికి తొడకు పట్టీ బిగించింది. మధ్యాహ్నంలోపు కింద ఆసుపత్రిలో ఆపరేషన్ జరగకపోతే కాలు పోతుందని, ఇంకా ఆలస్యమైతే మనిషే పోతాడని చెప్పింది. పొగమంచులో హెలికాప్టర్ దిగలేకపోయింది. రోజూ శిబిరం దాకా వచ్చే అంబులెన్స్ వంతెన లేక వాగు అవతలే ఆగిపోయింది. కొండ దిగి, వాగు దాటి మోయాలి.

"సగం గడ్డంతోనే వెళ్తావా?" అంది డాక్టరమ్మ.

"మిగతా సగం వచ్చాక గీస్తానమ్మా. ఎక్కడికి పోతుంది?"

ముందు నడిచేవాడికి స్ట్రెచర్ మీది ముఖం కనపడదు. వెనక నడిచేవాడికి కాళ్ల ముందున్న దారి కనపడదు. అందుకే బీరువా పాత పనిలో లాగే రాయి వస్తే "మెట్టు" అని, దారి తిరిగితే "మలుపు" అని, దించేటప్పుడు "నేల" అని కేకేస్తాడు. పడుకున్నవాడి పని తిట్టడం. తిట్లు వినపడుతుంటే మనిషి స్పృహలో ఉన్నట్టు లెక్క.

"తిట్టు తమ్ముడూ."

"ఏమని తిట్టను?"

"నా నడకను తిట్టు. మా ఆవిడ పెళ్లయినప్పట్నుంచీ తిడుతోంది. ఇంకా అయిపోలేదు."

"గాడిదా..."

"అదా తిట్టు? మా ఆవిడ ముద్దుగా పిలిచేదే అది. మెట్టు."

టైలరు నవ్వాడు. స్ట్రెచర్ ఊగింది.

"నవ్వకురా, సామాను కదులుతోంది."

"నన్ను సామానంటావా, దున్నపోతా!"

"ఆఁ, ఇప్పుడు దారిలో పడ్డాడు. మలుపు."

మెట్ల మధ్యలో సామాను దించకూడదని అతనికి పాత మేస్త్రీ నేర్పాడు. దించితే మళ్లీ ఎత్తే ఊపు రాదు. పియానో మోసిన రోజు మొదటి అంతస్తులోనే వేలు నలిగింది. పై అంతస్తు చేరేదాకా బీరువా దాన్ని దించలేదు. ఆ వేలికి మళ్లీ గోరు రాలేదు.

వాగు దగ్గరకు వచ్చేసరికి ఇంకో గుండు గట్టు మీద పడింది. మట్టి, గులకరాళ్లు మీద కురిశాయి. ఇద్దరూ తూలారు. స్ట్రెచర్ పడలేదు.

"అన్నా, బాగున్నావా?"

"నా అందానికేంరా? సగం ఎలాగూ గీసేశాను. మెట్టు."

వాగులో నీళ్లు తొడల దాకా ఉన్నాయి. సగం దాటాక టైలరుకు నీళ్లలో ఎరుపు కనిపించింది. ఆపరేటర్ కాలి కట్టు చూశాడు. పొడిగా ఉంది. అప్పుడు బీరువా చొక్కా చూశాడు. పక్కటెముకల కింద నుంచి కారుతోంది.

"అన్నా, నీకు తగిలింది. ఒడ్డెక్కగానే దించు. డ్రైవర్‌ను పిలుస్తాను."

"మెట్ల మధ్యలో దించరురా. దించితే మళ్లీ ఎత్తలేను." ఇంకో అడుగు వేసి స్ట్రెచర్ మీదివాణ్ణి అడిగాడు. "తమ్ముడూ, తిట్లు ఆపావేం?"

"గొంతెండిపోయింది."

"నీళ్లు బండిలో ఇస్తారు. ముందు తిట్టు."

ఆపరేటర్ తిట్టాడు. ఒడ్డు బురదగా ఉంది. డ్రైవర్ పరుగున దిగి వచ్చి ముందు పిడి అందుకోబోయాడు. బీరువా వదల్లేదు. "నువ్వు పక్కన పట్టుకో బాబాయ్," అన్నాడు. అంబులెన్స్ వెనక తలుపు దాకా మోశారు. స్ట్రెచర్ బండి లోపలికి జారింది.

"నేల," అన్నాడు బీరువా.

పట్టీ తీసి టైలరు చేతికిచ్చి, వెనక చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. బండిలోని నర్సు దిగి చొక్కా కత్తిరించింది.

"మీ వదినకు చెప్పు," అన్నాడు టైలరుతో. "కుట్టు ఊడలేదని."

కాసేపటికి నర్సు అతని మణికట్టు వదిలి, నాడి అందడం లేదని చెప్పింది.

బీరువాను బండిలోనే రెండో బల్ల మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. పక్కనున్నది ఎవరో ఆపరేటర్‌కు చెప్పలేదు. తిట్లు ఆపమని కూడా ఎవరూ చెప్పలేదు. బండి మలుపు తిరిగేదాకా అవి టైలరుకు వినపడ్డాయి.

మధ్యాహ్నంలోపు ఆపరేషన్ అయింది. కాలు దక్కింది.

సాయంత్రం టైలరు ఒక్కడే కొండెక్కాడు. గుడారం బయట మగ్గులో నురుగు ఎండిపోయి ఉంది. పట్టీని మేకుకు తగిలించి, భుజాల దగ్గర వేలితో తడిమి చూశాడు. దుప్పటి ముక్కలు ఇంకా తడిగా ఉన్నాయి. కుట్లన్నీ ఉన్నాయి.