గుర్రం దిగిన కౌబాయ్

బీరువా సంగతి పొద్దున కాఫీ దగ్గర మొదలై, భోజనాలయ్యాక కూడా తెగలేదు. గుడ్డ అంచులు పోగులు ఊడకుండా కుట్టే కొత్త ఓవర్‌లాక్ మిషన్ మర్నాడు వస్తుంది. బట్టలు కుట్టే ముందుగదిలో దానికి చోటు లేదు. ఖాళీగా ఉండాల్సిన ఒక్క గోడనీ అత్తగారి కౌబాయ్ నవలల బీరువా ఆక్రమించుకుని కూర్చుంది.

"అమ్మకి అక్షరాలు ఆనడం మానేసి ఎన్నాళ్లయింది? పాత పుస్తకాలవాడికి ఇచ్చేస్తే సరి," అన్నాడు భర్త, కోపమంతా ఇస్త్రీపెట్టె మీద చూపిస్తూ.

కోడలు ససేమిరా అంది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె కాజాలు కుట్టడం నేర్చుకుంది ఆ నవలలు వింటూనే. అత్తగారు పైకి చదువుతుంటే సూది గుర్రంతో పోటీపడేది. తుపాకులు పేలినచోట కుట్టు వంకర తిరిగేది. దొంగలు బండిని చుట్టుముట్టిన రోజున ఒక చొక్కా మొత్తం విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

అత్తగారు మాత్రం బీరువా పక్కనే కూర్చుని, ఊళ్లో ఎవరి గురించో మాట్లాడుకుంటున్నట్టు గుండీలు ఏరుతోంది.

వాదన ఎటూ తేలక, కోడలు ఒక నవల తీసి తానే పైకి చదవసాగింది. కథ తెలిసిందే. ఎండిన ఊరికి కొత్తవాడొకడు వస్తాడు, దొంగల్ని తరుముతాడు, ఒంటరి ఆడమనిషి పొలం కాపాడతాడు. చివర్లో కళ్లెం పట్టుకుని ఆమెవైపు చూశాడు అన్నచోట పుస్తకం అయిపోయింది. తర్వాతి పేజీ లేదు. ఇంకోటి తీసింది. అందులోనూ లేదు. ఏది తీసినా అంతే, గుడ్డ కత్తిరించినంత నీటుగా.

"చివరి పేజీలు ఏవి అత్తయ్యా?"

"కత్తిరించేశాను," అంది అత్తగారు తలెత్తకుండా. "ప్రతివాడూ గుర్రమెక్కి పోయేవాడే. ఊరంతా బాగుచేసి, ఆ పిల్ల పెట్టిన అన్నం తిని, చెప్పాపెట్టకుండా పొద్దుగుంకే వైపు పోవడమేమిటమ్మాయ్? ఒళ్లు మండింది."

మరి ఇన్నేళ్లూ ఆమె చదివి వినిపించిన ముగింపుల్లో ప్రతివాడూ గుర్రం దిగాడు. కంచె బాగుచేశాడు, కారే కప్పు నేశాడు, ఆ పిల్ల పక్కన కూర్చుని వేడివేడిగా తిన్నాడు.

భర్త చేయి ఆగిపోయింది. చొక్కా మాడకముందే, పక్కనే నిలబడి వింటున్న వాళ్ల కూతురు ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన పెట్టింది. చిన్నప్పుడు బడిలో, కౌబాయ్ చివరికి ఇంటిపట్టునే ఉంటాడని అందరితో వాదించి నవ్వులపాలైన సంగతి ఆయన ఇంట్లో చాలాసార్లు చెప్పాడు.

"అయితే వాళ్లు చెప్పిందే నిజమా అమ్మా?"

"వాళ్ల పుస్తకాల్లో నిజం. మనింట్లో కాదు."

కూతురు పడీపడీ నవ్వింది. ఆయన నవ్వలేదు గానీ, మెళ్లో వేలాడుతున్న టేపు తీసుకుని పడకగదిలోకి వెళ్లాడు. లోపల మంచం జరిపిన చప్పుడు వినిపించింది. కాసేపటికి గుమ్మంలో నిలబడి, టేపు చుడుతూ, మెల్లగా చెప్పాడు.

"మిషన్ మా గదిలో పడుతుంది. బీరువా ఎక్కడికీ పోదు. రోజూ సాయంత్రం నా పెళ్లాం చదువుతుంది. చివరి పేజీ మాత్రం అమ్మే చెప్పాలి."