మెర్వ్ ఆపరేషన్, కోలిన్ బార్లీ

ప్రోస్టేట్ కాన్సర్ ఆపరేషన్ అయి ఏడాదిన్నర దాటినా మెర్విన్ ట్రెజీజ్‌కి మగతనం తిరిగి రాలేదు. కాన్సర్ మాత్రం పూర్తిగా పోయింది. "పోవాల్సింది పోయిందిగా, అది చాల్లే" అని భార్య గ్లెనిస్ ఒకసారి అంది గానీ, అతని ముఖం చూసి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఇద్దరూ ఒకరితో ఒకరు చాలా మర్యాదగా ఉంటున్నారు. మెర్వ్‌కి ఆ మర్యాదే భరించరాకుండా ఉంది.

మొదట్లో డాక్టర్, నరాలు కోలుకోవడానికి సమయం పడుతుంది, తొందరపడొద్దు అన్నాడు. మెర్వ్ తొందరపడలేదు. మాత్రలు మింగాడు. గాజు గొట్టంలాంటి పంపు వాడాడు. సూదులు కూడా పొడుచుకున్నాడు. చివరికి, అంగం లోపల ఇంప్లాంట్ అమర్చడం ఒక్కటే మిగిలిందని డాక్టరే చెప్పాడు. మెర్వ్ సరేనన్నాడు. బార్లీ కోతలయ్యాక చేయించుకుందామనుకుని, ముందుగా బీమా కంపెనీకి ఫోన్ చేశాడు.

"మీ పాలసీలో ఆ ఆపరేషన్ ఉంది సార్," అంది ఫోన్‌లో అమ్మాయి. "కాకపోతే జనవరి ఒకటి నుంచి ఉండదు. దాన్ని పై స్థాయి పాలసీలోకి మారుస్తున్నాం."

"అయితే నేనూ పై పాలసీలోకి మారతాను."

"తప్పకుండా మారొచ్చు సార్. కానీ మీ సమస్య ముందునుంచీ ఉన్నదే కాబట్టి ఏడాది ఆగాలి."

"ఇప్పటిదాకా ఆగింది చాలదా అమ్మాయ్?"

"ఆ ఆగడం మా లెక్కలోకి రాదు సార్."

డిసెంబరులో డాక్టర్ సెలవు. అంతకుముందు దొరికిన తేదీ నవంబరు నడుమ ఒక బుధవారం, సరిగ్గా కోతల్లో. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు కోత మిషన్ ఎక్కకూడదు. ఇంతకాలం డాక్టర్ ఆగమన్నాడు, ఇప్పుడు బీమా ఆగొద్దంటోంది, బార్లీ మాత్రం ఎవర్నీ ఏమీ అడక్కుండా పండుతోంది.

"పక్కవాళ్లకి చెప్పు," అంది గ్లెనిస్. "వచ్చి కోసిపెడతారు."

"ఏమని చెప్పను?"

"అది నీ ఇష్టం. నాకు మాత్రం ఈ మర్యాద ఇంకో ఏడాది వద్దు."

మర్నాడు మెర్వ్ కంచె దగ్గర కోలిన్ రొడ్డా కోసం కాపు కాశాడు. కోలిన్‌ది పక్క పొలం. చిన్నప్పట్నుంచీ స్నేహితులు. వానల గురించి, ధరల గురించి, ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుంటారు. అంతకుమించి ఏమీ మాట్లాడుకోరు.

"కోతల్లో నేనుండనురా," అన్నాడు మెర్వ్, బూటుతో మట్టిని కెలుకుతూ. "అడిలైడ్ వెళ్లాలి. పోయినసారి కోసిన డాక్టరే మళ్లీ కోస్తానంటున్నాడు."

కోలిన్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. ఎందుకని అడగలేదు. ఆ జిల్లాలో మగవాళ్లు అలాంటివి అడగరు. మెర్వ్ కూడా, కాన్సర్ కాదురా అని చెప్పలేదు. చెబితే తర్వాతి ప్రశ్నకి జవాబుండాలి.

ఆదివారం పొద్దున్నే దుమ్ము లేపుకుంటూ కోత మిషన్లు వరసగా మెర్వ్ గేటులోకి వచ్చాయి. అందరికంటే ముందు కోలిన్ మిషన్.

"నీ బార్లీ కూడా పండిపోయిందిగా," అన్నాడు మెర్వ్.

"నా బార్లీని ఆగమన్నాను."

మధ్యాహ్నానికి సగం పొలం బోసిపోయింది. పొరుగు రైతుల్లో గుమ్మటమంత గార్త్ హాకింగ్ కూడా మెర్వ్ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తన మిషన్ ఎక్కాడు. ఆడవాళ్లు మాంసం కూరి కాల్చిన పేస్టీలు తెచ్చారు. టీ దగ్గర కోలిన్ నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మెర్వ్ గట్టివాడు," అన్నాడు. "ఒకసారి దాన్ని ఓడించాడు. మళ్లీ ఓడిస్తాడు." అక్కడితో ఆపి కళ్లు తుడుచుకున్నాడు. అందరూ టోపీలు తీశారు. మెర్వ్ పేస్టీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. గ్లెనిస్ అవతలి వైపుకి తిరిగి కప్పులు కడుగుతోంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని అందరూ అనుకున్నారు.

బుధవారం డాక్టర్ గది బయట మెర్వ్ కూర్చున్నాడు. ఎదురుగా ఒకడు తోటపని పత్రికలో ముఖం దాచుకుని ఉన్నాడు. ఆ బూట్లు మెర్వ్‌కి తెలుసు.

"కోలిన్."

పత్రిక నెమ్మదిగా కిందికి దిగింది.

"నీకు ప్రోస్టేట్ ఎప్పుడు తీశారు?" అన్నాడు మెర్వ్.

"పోయిన చలికాలానికి ముందు చలికాలం. పెర్త్‌లో చెల్లెలింటికెళ్తున్నానని చెప్పానే, అప్పుడు."

"ఇప్పుడు దేనికొచ్చావు?"

"నువ్వు దేనికొచ్చావో దానికే. మనిద్దరిదీ ఒకే బీమా అయినట్టుంది." కోలిన్ చెవులు ఎర్రబడ్డాయి. "నీకు కాన్సర్ తిరగబెట్టిందనుకుని ఏడ్చాను కదరా వెధవా."

"చూశాను. నాకే ఏడుపొచ్చింది."

"ఇలాంటిది కావాలని అడిగేవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అనుకున్నాను."

"మరి నీ బార్లీ?"

"నిలబడే ఉంది. వడగళ్లు పడతాయంటున్నారు." కోలిన్ పత్రికని గొట్టంలా చుట్టాడు. "వదిలేసుకున్నాను. బార్లీ వచ్చే ఏడు కూడా పండుతుంది."

మెర్వ్ బయటికెళ్లి గ్లెనిస్‌కి ఫోన్ చేశాడు.

"కోలిన్ ఇక్కడున్నాడు. వాడి పొలానికి ఎవరినైనా..."

"తెలుసు. నొరీన్ నా పక్కనే టీ కాస్తోంది," అంది గ్లెనిస్. నొరీన్ కోలిన్ భార్య. "నిన్న మేమిద్దరం అంతా చెప్పుకున్నాం. మిషన్లు వాళ్ల పొలంలోకి దిగాయి."

"వాళ్లకేం చెప్పారు?"

"ఉన్నదే చెప్పాం. ఇద్దరికీ ఒకేసారి కాన్సర్ తిరగబెట్టిందంటే పాపం జనం తట్టుకోలేరు."

మెర్వ్ కళ్లు మూసుకున్నాడు. "ఏమన్నారు?"

"తీసిన టోపీలు మళ్లీ పెట్టేసుకున్నారు. తర్వాత గార్త్ నన్ను పక్కకి పిలిచి డాక్టర్ నంబరడిగాడు."

"గార్తా?"

"ఎవరికీ చెప్పొద్దన్నాడు. అందుకని నీకు చెబుతున్నాను. జాగ్రత్తగా రా."

మెర్వ్ లోపలికొచ్చి, మిషన్లు దిగాయని మాత్రం చెప్పాడు. కోలిన్ తలమీద లేని టోపీ కోసం తడుముకున్నాడు. అంతలో తలుపు తెరుచుకుని నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీలో ఎవరు ముందు?"

"వీడి బార్లీ ముందు కోశాం," అన్నాడు కోలిన్. "వీణ్ణే ముందు తీసుకెళ్లండమ్మా."