వెనక సీటు కింద చప్పుడు

యాక్సిలరేటర్ తొక్కుతున్నంతసేపూ ఏమీ ఉండదు. కాలు తీస్తేనే వస్తుంది ఆ చప్పుడు. వెనక సీటు కింద ఎవరో నోరు మూసుకుని మూలుగుతున్నట్టు సన్నగా మొదలై, కారు నెమ్మదించేకొద్దీ సన్నగానే ఆగిపోతుంది. జ్యోతిక మొదటిసారి విన్నప్పుడు పిల్లాడే మూలుగుతున్నాడనుకుంది. కొత్తపేట దగ్గర కారు పక్కకు ఆపి, వెనక సీట్లో నిద్రపోతున్న మూడేళ్ల అభిరామ్ నుదురు తడిమి చూసింది. చల్లగానే ఉంది. మళ్లీ బయలుదేరితే మళ్లీ అదే మూలుగు.

ఆ జర్మనీ కారు ఆమె భర్త జగన్‌ది. ఒకప్పుడు ఏ గొప్పింటి కుర్రాడో రింగ్ రోడ్డు మీద దౌడు తీయించిన కారు. చేతులు మారి మారి, మీటరు రెండు లక్షల కిలోమీటర్లు దాటాక జగన్ దగ్గరికి వచ్చింది. ఇంజిను బలమంతా వెనక చక్రాలకే పోయే రకం. దానికి తెల్లరంగు వేయించి, దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో కిరాయి ఇంటి ముందు పెట్టుకుని, పెళ్లికొడుకులను ఊరేగించే బండిగా చేశాడు. పోయిన వానాకాలం పచ్చకామెర్లతో దవాఖానకు పోయిన మనిషి తిరిగి రాలేదు. కారు మిగిలింది. తల్లీబిడ్డల తిండి దానిమీదే.

నడపడం జ్యోతికకు వచ్చు, జగనే నేర్పాడు. కానీ మొగుడు పోయిన మనిషి పెళ్లికొడుకును ఎక్కించుకుని ఊరేగిస్తుందా? ఆ మాట ఎవరూ అనకముందే తనే అనేసుకుంది. అందుకే జగన్ స్నేహితుడు సాయినాథ్‌ను డ్రైవర్‌గా పెట్టుకుంది. బరాత్ ఉన్న రోజు కారును పూలకొట్టు దాకా తీసుకుపోయి అతనికి అప్పజెప్పి వచ్చేస్తుంది. ఆ తర్వాత కారుకు ఏం జరుగుతుందో ఆమె చూడదు.

"టైర్ల సౌండ్ వదినా అది. ఊకె పరేషాన్ అయితవ్," అన్నాడు సాయినాథ్.

"టైర్లదైతే కాలు తీస్తెనే ఎందుకొస్తది సాయీ?"

"నీకు పిల్లగాడు తుమ్మినా నిమోనియా లెక్కనే అనిపిస్తది," అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. జగన్‌కు కళ్లు పచ్చబడ్డప్పుడు కూడా మొదట ఆమెకే కనిపించింది. లైటు రంగు అని అతనూ నవ్వాడు.

మరునాడు పిల్లాడిని ఎక్కించుకుని మట్టయ్య షెడ్డుకు పోయింది. మట్టయ్య పుట్టింటివైపు మనిషి, నల్లగొండ నుంచి వచ్చి ఎల్‌బీ నగర్ అవతల మెకానిక్‌గా స్థిరపడ్డాడు. ముందు సీట్లో కూర్చుని, హైవే మీద ఆమెతోనే నడిపించాడు.

"తొక్కు బిడ్డా. ఇగ తియ్యి. మళ్ల తొక్కు." కళ్లు మూసుకుని విన్నాడు. మెల్లగా మలుపు తిప్పించాడు. తిరిగొచ్చాక కారును పైకెత్తి వెనక భాగం చూపించాడు. రెండు చక్రాల నడుమ పుచ్చకాయంత ఇనప డబ్బా, దాని మూతి దగ్గర నల్లటి జిడ్డు.

"ఇది డిఫరెన్షియల్. ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకు పంచేది ఇదే. చప్పుడు దీంట్లకెల్లే."

అడుగు బోల్టు విప్పితే నూనె మాడువాసనతో పళ్లెంలోకి జారింది. మట్టయ్య దాన్ని ఎండలోకి పట్టాడు. నూనె నిండా మెరుపులు.

"అమ్మా, తళుకులు!" అని అభిరామ్ చెయ్యి చాపాడు. జ్యోతిక వాడి చెయ్యి లాగేసింది.

"బోల్టుకు బూడిద లెక్క సన్నగ అంటుకుంటె ఫికర్ లేదు, అది అరుగుడు. గివి ముక్కలు బిడ్డా. లోపల బేరింగ్ పోయింది, గేర్ల పండ్లు గూడ ఒరుసుకుంటున్నయ్. నూనె ఎప్పుడు మార్చిన్రు?"

"ఆయన ఎండాకాలం ఎండాకాలం మార్చేటోడు. మార్చే పనే లేదని కంపెనీ బుక్కుల ఉందంటడు సాయి."

"బుక్కు రాసినోడు బరాత్‌ల నడిపిండా?" మట్టయ్య వెనక టైర్లు రెండూ తడిమాడు. ఒకటి అరిగి నున్నగా ఉంది, ఇంకొకటి గాట్లతో ఎత్తుగా. "ఇదేంది, ఒకటే మార్చిన్రు?"

ఆ టైరు పగిలిన రోజు ఒక్కటే వేయించమన్నది జ్యోతికే.

"ఒకటి చిన్నదైతె అది ఎక్కువ తిరుగుతది. ఆ తేడా అంత సీదా రోడ్డు మీద గూడ ఈ డబ్బానే మొయ్యాలె. అది సరే గని, ఆ పోరడు బరాత్‌ల టైర్లు తిప్పి పొగ లేపుతున్నడా?"

లేపుతున్నాడు. సాయినాథ్ ఫోన్లో పెట్టిన వీడియోలు చూసింది. జగన్ ఎన్నడూ లేపలేదు. ఎవరెంత బతిమాలినా హారన్ కొట్టి, లైట్లు ఆడించి ఊరుకునేవాడు.

"తాజా నూనె పోస్త, కారేకాడ సీలు మారుస్త. టైర్లు రెండూ ఒక్కతీరువి ఎయ్యి. మెల్లగ నడిపితె కొన్నొద్దులు ఆగుతది, ఈ లోపల దింపి బేరింగ్ మారుద్దం. ఒక్కసారి పొగ లేపిన్రనుకో, పండ్లు రాల్తయ్. ఈ మోడల్‌కు ఇంకో డబ్బా దొరకదు. బండి ఇనుప సామాన్లకే."

"ఒక్క పెండ్లి ఒప్పుకున్నం కాకా. అది కాంగనే బండి తెస్త, డబ్బా దింపుదువు."

మట్టయ్య ఆమె వైపు చూశాడు. "ఇప్పుడే దింపితె మంచిది," అన్నాడు. మాట ఇచ్చిన పెళ్లికి కారు పంపకపోతే వాళ్లు ఏ శకునం అనుకుంటారోనని ఆమె భయం.

ఆ సాయంత్రమే సాయినాథ్ చెయ్యి పట్టి అభిరామ్ నెత్తిన పెట్టించింది. "పొగ లేపనని ఒట్టెయ్యి." అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి, ఒట్టు వేశాడు. వేయించాక ఆమెకు కొత్త భయం పట్టుకుంది. అతను తప్పితే? పిల్లాడి మీద కదా వేయించింది!

అందుకే మొదటిసారి బరాత్‌కు పోయింది. ఎల్‌బీ నగర్ ఫంక్షన్ హాలు ఎదుట, రోడ్డుకు ఇవతల చెరకురసం బండి పక్కన పిల్లాడిని ఎత్తుకుని నిలబడింది. పొద్దు వాలుతోంది. విజయవాడ బస్సుల హారన్ల మీదుగా డీజే మోత. పూలు కట్టిన తెల్లకారు మెల్లగా వచ్చి హాలు ముందు ఆగింది.

"పొగ! పొగ!" అని పెళ్లికొడుకు స్నేహితులు అరిచారు. సాయినాథ్ తల అడ్డంగా ఊపాడు.

"ఏంటి బాసూ, పొగ లేకపోతే అదేం బరాతు? శవాన్ని తీసుకెళ్తున్నట్టుంది! దిగు, నేను చూపిస్తా." శ్రీకర్ అనే కుర్రాడు తలుపు తీసి సాయినాథ్‌ను దించేసి తనే కూర్చున్నాడు. ఇంకొకడు వెనక టైర్ల కింద బాటిల్ నీళ్లు పోశాడు.

జ్యోతిక పిల్లాడిని చంకనేసుకునే రోడ్డు దాటింది. ఎలా దాటిందో ఆమెకే తెలియదు. కారు ముందుకు పోయి బానెట్ మీద చెయ్యి పెట్టింది.

"దిగన్నా! లోపల పాడైంది, ఇరుగుతది. నా కారన్నా ఇది!"

"ఒక్క నిమిషమేనండీ, ఏం కాదు!"

పక్క నుంచి ఒక ముసలావిడ వచ్చి జ్యోతిక భుజం పట్టుకుంది. పెళ్లికొడుకు నాయనమ్మ, వెంకాయమ్మ. "ఏంటమ్మా గొడవ? మీ ఆయన్ని పిలు, మగాళ్లు మాట్లాడుకుంటారు."

"లేడమ్మా."

"ఊళ్లో లేడా?"

జ్యోతిక తల దించుకుంది. ముసలావిడ చూపు కూడా ఆమె కాళ్ల దాకా దిగింది. వేళ్లకు మట్టెలు లేవు. వెంకాయమ్మ గొంతు తగ్గిపోయింది.

"తల్లీ, తప్పుగా అనుకోకు. నేనూ నీలాంటిదాన్నే. నా చేతుల మీద పెంచిన మనవడు వాడు. అయినా హారతి దగ్గరికి పోలేదు, అదుగో, ఆ స్తంభం చాటున నుంచున్నా. వాడికెదురు నుంచోకమ్మా. హాల్లో ఆ పెళ్లికూతురు కూర్చునుంది."

బానెట్ వెచ్చగా ఉంది. ఇంజిను అదురు అరచేతిలోకి ఎక్కుతోంది. అద్దం వెనక బాసికం కట్టుకున్న పెళ్లికొడుకు బిక్కమొహంతో చూస్తున్నాడు. జగన్ పోయాక ఎన్ని రాత్రులు అనుకుందో, తమ పెళ్లినాడు అతనికి ఎవరు ఎదురొచ్చారోనని. హాల్లో కూర్చున్న, పేరైనా తెలియని ఆ పిల్ల ఏదో ఒకనాడు తనను తలుచుకుని అట్లా అనుకోకూడదు.

చెయ్యి తీసేసింది. పక్కకు జరిగింది.

ఇంజిను గర్జించింది. తడి మీద టైర్లు గిర్రున తిరిగి తెల్లటి పొగ లేచింది. ఈలలు, కేకలు. చక్రాలు తడి దాటి పొడి రోడ్డును పట్టుకున్నాయి. అప్పుడు వచ్చింది ఒకే ఒక దెబ్బ. రోకలి విరిగినట్టు. ఆ తర్వాత ఇంజిను ఎంత అరిచినా కారు కదలలేదు.

పెళ్లికొడుకు దిగి నడుచుకుంటూ హాల్లోకి పోయాడు. వెనకే డీజే పోయింది. "సారీ అండీ," అని శ్రీకర్ కూడా పరుగెత్తాడు. నలుగురు కారును రోడ్డు పక్కకు తోసి పోయారు.

"ఒట్టు నేను తప్పలే వదినా," అని సాయినాథ్ ఫుట్‌పాత్ మీద కూర్చుని ఏడ్చాడు.

"తెలుసు సాయీ. మట్టయ్య కాకకు ఫోన్ చెయ్యి."

జ్యోతిక పిల్లాడిని వెనక సీట్లో పడుకోబెట్టి, తను స్టీరింగ్ ముందు కూర్చుంది.

"పోదామా అమ్మా?" అన్నాడు అభిరామ్, కళ్లు మూతలు పడుతుంటే.

"పోదాం నాన్నా."

ఇంజిను వేసి, గేరు పెట్టి, కాలుతో మెల్లగా తొక్కింది. జగన్ ఉన్నప్పటి లాగే హాయిగా పలికింది ఇంజిను. బయట చెరకురసం బండి ఉన్నచోటే ఉంది. కాలు తీసి, వెనక్కి చెవి పెట్టింది. మూలుగు రాలేదు. అద్దంలో చూస్తే పిల్లాడు నిద్రపోయాడు. ఆపితే లేస్తాడేమోనని ఇంజిను ఆపకుండా అలాగే కూర్చుంది.