ఊ కొట్టడం రాని నేను

నేను ఒక రికార్డరుని. అరచేతిలో ఇమిడిపోతాను. ఏ కర్మాగారంలో పుట్టానో గుర్తులేదు గానీ, మొదట ఒక విలేకరి జేబులో చేరాను. నాయకుల ఉపన్యాసాలు గంటలకొద్దీ నాచేత మింగించి, మర్నాటికల్లా చెరిపేసేవాడు. అబ్బో, మనుషులకు మాటలంటే అంత చులకన! తర్వాత విశాఖలో భాషల మీద పరిశోధన చేసే కిరణ్మయి చేతికొచ్చాను.

ఆమె నన్ను అరకు కొండల్లో బుద్రి అనే ముసలమ్మ ఇంటికి తీసుకెళ్ళింది. ఆ ఊళ్ళో గదబ భాష మాట్లాడేది ఇక ఆమె ఒక్కతేనని అందరూ చెప్పారు. ఆమె గొంతులో గడ్డ. మర్నాడే ఆపరేషను. మాట పోవచ్చని డాక్టరు ముందే చెప్పేశాడు. కొండమీదికి సామలు ఎలా వచ్చాయో చెప్పే కథ ఆమెకే వచ్చు. దాన్ని దాచి, ఫోన్లలో పిల్లలకు వినిపించాలని కిరణ్మయి తాపత్రయం. ఇవాళ దొరక్కపోతే ఇక ఎప్పటికీ లేదు. నాకు గుండె ఉంటే దడదడలాడేది.

చప్పుడు పడకూడదని కిరణ్మయి అందర్నీ, కోళ్ళతో సహా, బయటకు పంపేసింది. బుద్రి ఒక వాక్యం చెప్పి ఆగింది. నావైపు చూసింది.

"ఇదేటమ్మా, ఊ అనదు?"

"అది వింటోంది అమ్మమ్మా. నువ్వు చెప్పు."

"ఊ కొట్టకపోతే కతెలా నడుస్తాది?"

పాపం, కిరణ్మయే ఊ కొట్టడం మొదలుపెట్టింది. బుద్రి విసుక్కుంది.

"నీకు మా బాస తెలీకుండానే ఊ అంటన్నావు. ఇలగైతే సెప్పను."

అని నోరు మూసుకుంది. నా బ్యాటరీ దీపం ఎర్రబడింది. అయ్యో, అంతా అయిపోయిందనుకున్నాను.

అప్పుడు తడిక అవతలి నుంచి "ఊ" అని వినిపించింది. కోడలు సుకిరి! చిన్నప్పుడు బడిలో వెక్కిరించారని, ఆ భాష తనకు రానే రాదని అత్తారింట్లో కూడా చెప్పుకొచ్చిన మనిషి. బుద్రి తల అటు తిప్పి మరో వాక్యం చెప్పింది. మళ్ళీ "ఊ", సరిగ్గా కావలసినచోట. ఇక కథ ఆగలేదు. ఒకచోట సుకిరి ఫక్కున నవ్వింది కూడా.

కథ ముగిశాక బుద్రి తమ భాషలోనే ఏదో అడిగింది. సుకిరి లోపలికొచ్చి, ఏడుస్తూ అత్త కాళ్ళ దగ్గర కూలబడింది.

"ఏమంటోంది?" అంది కిరణ్మయి.

"ఒకే ఇంట్లో ఉండి, ఇన్నాళ్ళూ నాతో మన బాసలో ఎందుకు మాటాడనేదే అంటంది."

ఆపరేషనయింది. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. ఆ కథ ఇప్పుడు ఫోన్లలో ఊరూరా వినిపిస్తోంది. నేను కిరణ్మయి బల్ల సొరుగులో పడి ఉన్నాను. మొన్న ఆమె ఎవరితోనో చెబుతుంటే విన్నాను. సుకిరి రోజంతా అత్త మంచం పక్కనే కూర్చుని గదబలో మాట్లాడుతూనే ఉంటుందట. బుద్రి జవాబు చెప్పబోయి నోరు తెరుస్తుందట. మాట రాదట.