చెవి మేస్త్రి

పాము చెవులాయనవి. బండి ఇంకా సందు మలుపు తిరగకుండానే, ఇదిగో వీడికి వాల్వు వదులైందిరా అని షెడ్డులో కూర్చుని చెప్పేసేవాడు. అందుకే చెవి మేస్త్రి అని పేరు పడిపోయింది. అసలు పేరు ఆయన భార్యకే సరిగ్గా గుర్తుండేది కాదు.

ఆయనా తమ్ముడూ కలిసి పెట్టుకున్న షెడ్డు అది. తమ్ముడిది చెయ్యి, అన్నది చెవి. టర్బో వేసిన కార్లే వాళ్ళ పని. టర్బో అంటే ఏం లేదు, పొగ బయటికి పోయే ఊపుతోనే ఒక చక్రాన్ని తిప్పి, ఇంజన్‌లోకి గాలి బలవంతంగా కూరడం. పసిపిల్లకి అన్నం కుక్కినట్టు. కుక్కితే బలమే, మరీ కుక్కితే పొరబోతుంది. ఇంజన్‌కి పొరబోతే దాన్ని నాకింగ్ అంటారు. మంట అంటుకోవాల్సినదానికంటే ముందే అంటుకుని, లోపల డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు కొడుతుంది. ఆ చప్పుడు వినగానే కాలు తియ్యాలి. తియ్యకపోతే పిస్టన్ మైనంలా కరిగిపోతుంది.

దానికి అన్నదమ్ములకి ఒక పద్ధతుండేది. ఇంజన్ దిమ్మకి రాగి గొట్టం బిగించి, దాని కొసకి రబ్బరు గొట్టం తొడిగి, డాక్టర్లు పెట్టుకుంటారే, అట్లాంటిది చెవుల్లో పెట్టుకుని అన్న పక్క సీట్లో కూర్చునేవాడు. కారు కదలకుండా చక్రాలు నేలలోని రోలర్ల మీద తిరుగుతుంటే తమ్ముడు జోరు పెంచుతూ పోయేవాడు. అన్న భుజం తట్టాడా, ఆపెయ్యాలి. తట్టలేదా, ఇంకా పెంచొచ్చు. ఆ గోలలో మాటలెక్కడ వినపడి చస్తాయి? ఒక్క ఇంజన్ కూడా పోలేదు వాళ్ళ చేతుల్లో.

తమ్ముడికి జబ్బు చేసింది. పోయాడు. ఆ సీట్లో తమ్ముడి కూతురు కూర్చుంది. పిట్టంత ఉంటుందని చిన్నప్పుడు పిట్ట అన్నారు, ఇప్పుడు ఇంజన్ దించే మనిషైనా పిట్టే. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఏ సిలిండర్‌కి ఎంత పెట్రోలు పొయ్యాలో, నిప్పు ఎప్పుడు పెట్టాలో మీటల మీద చెబుతుంది. భుజం మాత్రం పెదనాన్నకే అప్పజెప్పింది.

ఆయన చెవులు అప్పటికే దిగిపోతున్నాయి. ఎప్పుడు మొదలైందో ఆయనకే తెలీదు. ముందు కుక్కరు కూత పోయింది. తరవాత ఫోను మోత. మనుషుల గొంతులు వినపడతాయి, సన్నటి చప్పుళ్ళే పోయాయి. నాకింగ్ చూస్తే సన్నటి చప్పుడాయె.

భార్య నమ్మేది కాదు. "వినపడకపోవడమా, పాడా! సంచి పట్టుకెళ్ళమంటే వినపడదు. అన్నం గిన్నె మూత తీస్తే మాత్రం రెండో గదిలోంచి వినపడుతుంది ఈయనకి" అనేది పిట్టతో.

"పోనీలే పెద్దమ్మా, ఏదో ఒకటి వినపడుతోందిగా" అని నవ్వేది పిట్ట.

ఆయన కూడా నవ్వేసేవాడు. కానీ లోపల గుబులు. చెవి లేని చెవి మేస్త్రి షెడ్డులో ఎందుకు? పానాలు అందివ్వడానికా? తమ్ముడు లేని ఇంట్లో కూర్చోలేకే పొద్దున్నే షెడ్డుకి పోతున్నాడు. అదీ లేకపోతే ఇంక పొద్దు ఎక్కడ పుచ్చాలి? ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నోరు కుట్టేసుకున్నాడు. వచ్చిన బళ్ళన్నిటికీ ముందుజాగ్రత్తగా తొందరగా భుజం తట్టేసేవాడు. బళ్ళు కాస్త నీరసంగా పోయేవి. జనం ఏమనుకున్నా ఇంజన్లు క్షేమం.

అట్లా ఉండగా పిట్ట ఒకరోజు వాళ్ళ నాన్న కారు ముసుగు తీసింది. తమ్ముడు సొంతానికి కట్టుకున్న కారది. ఇంజన్‌లో ప్రతి మరా వాడి చేత్తో బిగించిందే.

"పెదనాన్నా, దీన్ని ఇథనాల్‌కి మారుద్దాం" అంది. "నాన్న ఎప్పుడూ అనేవాడుగా."

ఇథనాల్ అంటే స్పిరిట్టు. పెట్రోలు కంటే చల్లన. గాలి ఎంత కూరినా తొందరపడి అంటుకోదు. దాంతో నడిచే ఇంజన్ నాకింగ్ చెయ్యడం అరుదు. ఆ మాట వినగానే మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. నాకింగే లేని బండికి చెవితో పనేముంది? ఉత్తినే గొట్టం పెట్టుకుని కూర్చోవచ్చు. పిట్ట పక్కన, తమ్ముడి కారులో.

"మారుద్దాం" అన్నాడు, ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని వెంటనే.

పక్క టైర్ల షాపాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అన్నా, బండికి మందు పోస్తున్నారంట. తాగి నడిపితే మనిషిని పట్టుకుంటారు. బండే తాగితే ఎవర్ని పట్టుకుంటారన్నా?"

"పక్కనే నిలబడి వాసన చూసేవాణ్ణి" అన్నాడు మేస్త్రి. చాన్నాళ్ళకి షెడ్డులో నవ్వులు వినపడ్డాయి.

స్పిరిట్టుకి పెట్రోలు లెక్కలు పనికిరావు, నూటికి పాతిక ముప్పై వంతులు ఎక్కువే తాగుతుంది. పెద్ద పంపు వేశారు, స్పిరిట్టు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేశారు. ట్యాంకు దించి కడిగారు. స్పిరిట్టుకి పాత రబ్బరు పడదు, తినేస్తుంది. అందుకని గొట్టాలన్నీ కొత్తవి మార్చారు. ఒక్కటి తప్ప.

ఫిల్టరు దాటాక, ఇంజెక్టర్ల దగ్గర, జానెడు గొట్టం ముక్క. దాని క్లిప్పు మీద తమ్ముడు సన్నటి తీగ మెలిపెట్టి, కొస లోపలికి మడిచాడు. వాడి అలవాటది, ముట్టుకుంటే గుచ్చుకోకూడదని. మేస్త్రి కట్టర్ పట్టుకుని దాని దగ్గర ఆగాడు. చెయ్యి రాలేదు. పిట్ట అటు చూసింది, చూడనట్టే ఇటు తిరిగింది. ముక్క బాగానే ఉన్నట్టుందని ఇద్దరూ ఎవరికి వాళ్ళు సర్దిచెప్పుకున్నారు.

వారం పాటు మెల్లగా తిప్పారు బండిని. పొగ తియ్యటి వాసన. పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొరాయించేది గానీ, వేడెక్కితే పట్టు పంచెలా జారిపోయేది. తరవాత రోలర్ల మీదికి ఎక్కించారు.

మధ్యాహ్నం. షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. పిట్ట స్టీరింగు ముందు, మేస్త్రి పక్కన గొట్టాలు చెవుల్లో పెట్టుకుని. ఒకసారి జోరు పెంచింది. ఆయన్ని చూసింది. ఆయన చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. ఇంకా పెంచింది. టర్బో కూత ఆయనకి వినపడలేదు గానీ సీటు వణుకు వెన్నులోకి ఎక్కింది. తమ్ముడుంటే ఎగిరి గంతేసేవాడు అనుకున్నాడు. పిట్ట మళ్ళీ చూసింది. ఆయన దర్జాగా తలూపాడు.

పెద్ద చప్పుడు. అది ఆయనకి కూడా వినపడింది.

తెల్లటి పొగ, నేలంతా నూనె. ఇంజన్ దిమ్మ పక్కన చెయ్యి దూరేంత కన్నం. విరిగిన పిస్టన్ కడ్డీ అందులోంచి బయటికి చూస్తోంది. టైర్ల షాపాయన పరుగెత్తుకొచ్చి, చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి విప్పారు. మూడో పిస్టన్ కరిగిపోయి ఉంది. మూడో ఇంజెక్టర్ మూతి నిండా నల్లటి ముద్ద. తమ్ముడి తీగ కింద ఆ జానెడు గొట్టం లోపల్లోపలే నానిపోయి, పొట్టులా రాలి, ఆ ఒక్క ఇంజెక్టర్‌కి అడ్డం పడింది. మిగతా మూడూ బాగానే తాగాయి, అదొక్కటి ఎండిపోయింది. నాలుగు పొగ గొట్టాలు కలిసేచోట ఉండే గేజీ ఏం చెబుతుంది పాపం, అన్నీ కలిపి సరాసరి చెబుతుంది. బాగానే ఉందనే చెప్పింది. ఎండిపోయిన సిలిండర్‌లో స్పిరిట్టైనా నాకింగ్‌తో కొట్టుకుంటుంది. పట్టుకుంటే చెవి పట్టుకోవాలి.

పిట్ట కింద కూలబడింది. "నాదే తప్పు పెదనాన్నా. నిప్పు పెట్టే వేళ ముందుకి జరిపాను. నా లెక్కే తప్పింది. ఇంక ల్యాప్‌టాప్ ముట్టుకోను. నాన్న చేసిందంతా..."

మేస్త్రి ఊరుకుంటే సరిపోయేది. పిల్ల తన నెత్తినే వేసుకుంటోంది.

"నీ లెక్క తప్పలేదు" అన్నాడు. "అది కొట్టుకునే ఉంటుంది. గోలగోలగా మొత్తుకునే ఉంటుంది. నాకు వినపడలేదు. నాకసలు వినపడటం లేదు పిట్టా, చాలా కాలమైంది."

పిట్ట తలెత్తలేదు. "తెలుసు" అంది.

ఆయనకి అర్థం కాలేదు. పెదాల వంక చూశాడు. మళ్ళీ అంది. "నాకు తెలుసు పెదనాన్నా. వెనకనుంచి పిలిస్తే పలకవు. ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడేదాన్ని, చూడలేదా?"

"తెలిసి నన్నెందుకు కూర్చోబెట్టావు?"

"కూర్చోబెట్టకపోతే నువ్వు రావుగా. నాన్న పోయాడు, నువ్వూ రాకపోతే ఈ షెడ్డులో నేనెవరితో ఉండను? అందుకేగా స్పిరిట్టు అన్నది. దానికి నాకింగ్ రాదు, నీకు ఇబ్బంది ఉండదు అనుకున్నాను."

మేస్త్రి తను దాచాననుకున్నాడు. పిట్ట కూడా దాచిపెట్టింది. ఒకరికోసం ఒకరు నోరు మూసుకుని, ఇద్దరూ కలిసి వాడి ఇంజన్ని మింగేశారు. తిట్టుకుందామన్నా తిట్టడానికి మనిషి లేడు.

చీకటి పడకముందే కారుని రోలర్ల మీదనుంచి దించాలి. పిట్ట లేచి చేతులు తుడుచుకుంది. వెనక్కి వెళ్ళి డిక్కీకి భుజం ఆనించింది. ఆయన స్టీరింగు పట్టుకుని నిలబడ్డాడు, అలవాటుగా ఎదురుచూస్తూ. ఇదివరకైతే చుట్టూ తిరిగి ముందుకొచ్చి, మొహంలో మొహం పెట్టి చెప్పేది. ఈసారి రాలేదు. ఇంక దాచడానికేముంది?

"పెదనాన్నా! కుడికి తిప్పు! కుడికి!" అని గొంతు చించుకుని అరిచింది, చెవిటివాళ్ళకి అరిచినట్టు.

వినపడింది. ఆయన కుడికి తిప్పాడు.