భీమిలి రోడ్డు ఛాంపియన్

నంబరు బిళ్ళ హేండిలుకి తగిలించి, దాని జోడు బిళ్ళ సైకిలాయన చేతిలో పెట్టి, దేవదానం చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. ప్రతి సీటు మీదా ఇనప ఖనిజం ఎర్రదుమ్ము, దాని మీద చెమట జిడ్డు, వెనక కేరియర్లకి చేపల కంపు. పోర్టు గేటు పక్కనున్న ఈ సైకిల్ స్టాండులో ఇరవయ్యేళ్ళుగా ఇదే పని. కంపు అలవాటయింది గానీ, పిలుపు అలవాటు కాలేదు. “ఏం ఛాంపియన్” అని ఎవడైనా పలకరిస్తే నోట్లో పుచ్చు వేరుశెనగ గింజ పడ్డట్టుండేది.

పంతొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదిలో భీమిలి నుంచి విశాఖకు టైర్ల కంపెనీ పెట్టిన సైకిలు పందెం గెలిచాడు. కంపెనీ జీతమిచ్చి ఏడాదిపాటు ఊరూరా పందేలు తొక్కించుకుంది. యుద్ధం వచ్చింది, రబ్బరు కరువైంది, కంపెనీ మూతపడింది. పేరు మాత్రం పట్టుకుని వదల్లేదు, దరిద్రం. ఈ సాయంత్రం పోర్టు ఆటల పోటీల్లో ఆ పేరుకి దండ కూడా వేస్తారట.

ఆ పందెంలో రెండోవాడు సత్యం. ఖనిజం యార్డులో పని, వచ్చే నెల రిటైరు. ఎప్పటిలాగే సైకిలు తెచ్చి నిలబెట్టాడు.

“ఏటి బావా, దండేత్తారంట గదా. తెల్ల సొక్కా తెచ్చుకున్నావా?”

“నీకో మాట సెప్పాల సత్యం. ఆ లారీ...”

“లారీ మాటెత్తకు. దాని దుమ్ము కళ్ళల్లో కొట్టకపోతే నాను నిన్ను అందుకుందును. పోనీలే, గెలిసింది నువ్వే గదా.”

నవ్వుతూ బిళ్ళ తీసుకుని వెళ్ళిపోయాడు. దేవదానం ఆ సైకిలుని వరసలోకి తోశాడు. సత్యం ఒక్కసారైనా అనుమానించి బూతులు తిట్టి ఉంటే ఈపాటికి తను హాయిగా అన్నం తినేవాడు.

పందెం ముందురోజు కంపెనీ ఏజెంటు ఫ్రాన్సు పాత పందేల కబుర్లు చెప్పాడు. అక్కడ కొందరు ఘనులు మోటారుకి దారం కట్టి, కొసన బిరడా ముడేసి, దాన్ని పళ్ళతో కరిచి మైళ్ళకు మైళ్ళు లాగించుకునేవారట. సత్యం పక్కనే కూర్చుని విని పడీ పడీ నవ్వాడు. మర్నాడు సగం దారిలో కంపెనీ లారీ దేవదానం ముందుకొచ్చింది. వెనక దారం, దాని కొసన బిరడా వేలాడుతున్నాయి. ఛీ, తను నోరు తెరిచాడు. అంతే. ఆ దుమ్ములో దారం ఎవడికి కనిపిస్తుంది? ప్రతి ఆదివారం చర్చిలో అన్నీ ఒప్పుకున్నాడు, ఇదొక్కటి తప్ప. తన నోరంటే తనకే రోత.

మధ్యాహ్నం, పంక్చరు సామాన్ల డబ్బా అడుగునుంచి ఆ బిరడా తీసి, పాత దారంతోనే సత్యం సైకిలు హేండిలుకి గట్టిగా ముడేశాడు. పొద్దుట్నుంచీ ఎడమ చెయ్యి లాగుతోంది. స్టూలు మీద కూర్చుని గోడకి ఆనుకున్నాడు.

నాలుగింటికి పిలవడానికి సత్యమే దండ పట్టుకొచ్చాడు. కదిపి చూశాడు. ఒళ్ళు చల్లబడి ఉంది. ఆ దండే మెడలో వేశాడు.

కృపావతికి మొగుడు పోయిన కబురు చెప్పాలి. సత్యం సైకిలు తీయబోయి బిరడా చూశాడు. దేవదానానికి ముందుపన్ను ఒకటి చిన్నప్పుడే సగం విరిగింది. సత్యం చచ్చినవాడి మెడలోని దండ వైపు చూశాడు.

“అదా బావా, ఆ దుమ్ము,” అన్నాడు.

పక్కకి తిరిగి ఉమ్మేశాడు. ముడి మాత్రం విప్పలేదు. అలాగే సైకిలెక్కాడు. హేండిలుకి బిరడా ఊగుతోంది, దాని మీద ఒకటిన్నర పంటిగాటు.